చెవికి మెదడు చెప్పే మాట – శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ జీవిత కథ

సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టగానే మా హాస్టల్లో మొదలయ్యే గోల ఈ సంచిక చదివేవాళ్లెవరికీ కొత్త కాదు. హాలులో బారులు తీరి కూర్చుని అందరమూ బయటికే చదివేవాళ్లం. ఒకరు ఎక్కాలు, ఒకరు సాంఘిక శాస్త్రం, ఇంకొకరు ఇంగ్లీషు పాఠం. కొత్తగా వచ్చినవాళ్లకు అదంతా తేనెతుట్టె కదిలినట్టు ఉండేది. మాకు మాత్రం ఎవరి చదువు వాళ్లకు చక్కగా వినపడేది. పక్కవాడి గొంతు అడ్డం వచ్చేది కాదు. విచిత్రం ఏమిటంటే, అంత గోలలోనూ హాలు ఆ చివర ఎవరైనా మెల్లగా మా పేరు పలికితే చెవిన పడేది. వంటగదిలో గంటె గిన్నెకు తగిలిన చప్పుడైతే అందరికంటే ముందు వినపడేది!

రాత్రిళ్లు ఇంకో సంగతి. జనగామలో, మహబూబాబాద్‌లో రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగిన పిల్లలు ఎన్ని బండ్లు పోయినా కదిలేవాళ్లు కాదు. భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లు సింగరేణి గనుల బ్లాస్టింగ్ చప్పుడుకు అలవాటు పడ్డవాళ్లు. తండాల నుంచి, అడవి పక్క ఊళ్ల నుంచి కొత్తగా చేరిన పిల్లలు మాత్రం మొదటి నెలంతా ప్రతి కూతకూ ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్లు. నెల తిరిగేసరికి వాళ్లూ హాయిగా నిద్రపోయేవాళ్లు. చెవి అదే, చప్పుడూ అదే. మరి మారింది ఏమిటి?

మా తరగతిలో ఒక మిత్రుడు మాత్రం ఎన్ని నెలలైనా ఆ స్టడీ అవర్ గోలకు అలవాటు పడలేకపోయాడు. అతని సంగతి చివర చెప్తాం. ముందుగా, ఈ ప్రశ్నకు దారి చూపిన ఒక పెద్దమనిషి జీవితం చెప్పుకుందాం.

ఆయన పేరు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్. జర్మనీ దేశస్థుడు. 1821లో పుట్టి 1894లో కన్నుమూశాడు. భౌతికశాస్త్రంలో మనం చదివే శక్తి నిత్యత్వ నియమానికి గట్టి రూపం ఇచ్చినవాళ్లలో ఆయన ఒకడు. కంటి డాక్టరు మన కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్‌ను వైద్యానికి అందించింది ఆయనే. ఈసారి ఈయన జీవితాన్ని ఎంచుకోవడానికి మాకు రెండు కారణాలు ఉన్నాయి. మనం ఎలా వింటామన్నది ఆయన జీవితమంతా వెంటాడిన ప్రశ్న. అది ఒకటి. రెండోది, ఆయన కూడా మనలాగే ప్రభుత్వ ఖర్చుతో చదువుకున్నవాడు.

బాల్యం

హెల్మ్‌హోల్ట్జ్ 1821 ఆగస్టు 31న బెర్లిన్ దగ్గరి పోట్స్‌డామ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి అక్కడి హైస్కూల్లో ఉపాధ్యాయుడు. చదువు మీద ప్రేమ ఎక్కువ, జీతం తక్కువ. హెర్మన్ పెద్ద కొడుకు. పుట్టినప్పటి నుంచి బలహీనుడు. మొదటి ఏడేళ్లూ చాలా రోజులు మంచం మీదే గడిచాయి. ఆడుకోవడానికి కొన్ని చెక్క దిమ్మెలు ఉండేవి. వాటిని పేర్చి, విప్పి, మళ్లీ పేర్చి ఆడుకున్నాడు. బడికి వెళ్లాక రేఖాగణితం చెబుతుంటే అందులో చాలా సంగతులు అతనికి ముందే తెలిసినట్టు అనిపించాయి. ఆ దిమ్మెలే అతని మొదటి గురువులన్నమాట.

అయితే ఆయన బడిలో అన్నింటా ఫస్టు వచ్చే పిల్లవాడు కాడు. కంఠస్థం చేయడం చేతనయ్యేది కాదు. సంబంధం లేని మాటలు, వ్యాకరణంలో అపవాదాలు ఎంత చదివినా గుర్తుండేవి కావు. కుడి ఎడమలు కూడా తడబడేవాడు. తరగతిలో లాటిన్ పాఠం జరుగుతుంటే బల్ల కింద కాగితం పెట్టుకుని దుర్భిణిలో కాంతి కిరణాలు ఎలా పోతాయో లెక్క కట్టేవాడు. ఈ సంగతులన్నీ డెబ్బై ఏళ్ల వయసులో తన సన్మాన సభలో ఆయనే చెప్పుకున్నాడు. బట్టీ పట్టడం రాక తమను తాము తక్కువ చేసుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

బాండు రాసిన చదువు

అతనికి భౌతికశాస్త్రం చదవాలని కోరిక. తండ్రి దగ్గర అంత డబ్బు లేదు. భౌతికశాస్త్రం అన్నం పెట్టే చదువు కాదని అప్పట్లో అనుకునేవాళ్లు. బెర్లిన్‌లో సైన్యానికి డాక్టర్లను తయారుచేసే ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ వైద్య సంస్థ ఉండేది. అందులో సీటు వస్తే చదువు ఖర్చు సర్కారుదే. బదులుగా చదువయ్యాక 8 ఏళ్లు సైన్యంలో డాక్టరుగా పనిచేయాలి. 1838లో, 17 ఏళ్ల వయసులో హెల్మ్‌హోల్ట్జ్ ఆ షరతుకు ఒప్పుకుని చేరాడు.

ఇక్కడ మనకు బాబాసాహెబ్ అంబేద్కర్ గుర్తుకు రాక మానరు. ఆయన కూడా 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో, తిరిగి వచ్చి సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఒప్పంద పత్రం రాసి, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. కానీ ఇద్దరి కథా ఒకటి కాదు. హెల్మ్‌హోల్ట్జ్ బాండు తీర్చడానికి వెళ్తే సైన్యం చోటిచ్చింది. అంబేద్కర్ బాండు తీర్చడానికి బరోడా వెళ్తే కులం పేరు చెప్పి తల దాచుకోవడానికి ఇల్లు దొరకనివ్వలేదు. పేదరికం ఇద్దరికీ ఉంది, అంటరానితనం ఒక్కరికే ఉంది. ఈ తేడా మరిచిపోయి పరాయి దేశపు మహనీయుల గురించి రాస్తే అది సగం నిజమే అవుతుంది.

సైనిక వైద్య సంస్థలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తరగతులు ఉండేవి. మిగిలిన కొద్ది సమయంలో హెల్మ్‌హోల్ట్జ్ పియానో వాయించుకునేవాడు. సంస్థ గ్రంథాలయంలో సహాయకుడిగా ఉంటూ, అక్కడ ఎవరూ తెరవని బెర్నౌలీ, డాలంబెర్ లాంటివాళ్ల గణిత గ్రంథాలు తీసి సొంతంగా చదువుకున్నాడు. భౌతికశాస్త్రం అతనికి ఏ కాలేజీ నేర్పలేదు, లైబ్రరీ నేర్పింది.

1841లో టైఫస్ జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. విద్యార్థి కాబట్టి వైద్యం, తిండి ఉచితం. జ్వరం తగ్గి లేచేసరికి ఖర్చు కాని స్టైపెండ్ కొంత చేతిలో మిగిలింది. ఆ డబ్బుతో ఒక చిన్న మైక్రోస్కోపు కొన్నాడు. అది గొప్ప పరికరం ఏమీ కాదు. అయినా వెన్నెముక లేని జీవులలో నాడీ తంతువులు నాడీ కణాల నుంచే పుడతాయని దానితోనే చూసి, 1842లో డాక్టరు పట్టా కోసం సిద్ధాంత వ్యాసం రాశాడు. కాస్మెటిక్ ఛార్జీలు మిగుల్చుకుని గైడు కొనుక్కున్న మాకు ఈ మైక్రోస్కోపు కథ ఎంత దగ్గరగా అనిపించిందో చెప్పలేం.

సైన్యం నుంచి ప్రయోగశాలకు

1843లో పోట్స్‌డామ్‌లోనే గుర్రపు దళానికి డాక్టరుగా చేరాడు. సైనికుల బారకాసులోనే చిన్న ప్రయోగశాల ఏర్పాటు చేసుకుని, కండరం పనిచేసేటప్పుడు వేడి ఎందుకు పుడుతుందో పరిశీలించాడు. అక్కడి నుంచే శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రం మార్చుకుంటుందన్న ఆలోచన పెరిగింది. 1847 జూలైలో, ఇంకా 26 ఏళ్లు నిండకుండానే, బెర్లిన్ భౌతికశాస్త్ర సంఘం ముందు దాన్ని చదివాడు. పేరున్న పత్రిక అచ్చు వేయనంటే చిన్న పుస్తకంగా వేయించాడు. ఇప్పుడు ఆ సిద్ధాంతం లేని సైన్సు పుస్తకం లేదు.

ఆ ప్రతిభ చూసి హంబోల్ట్ అనే పెద్ద శాస్త్రవేత్త కల్పించుకోవడంతో, 1848లో మిగిలిన సైనిక సేవ నుంచి ఆయనకు మినహాయింపు దొరికింది. 1849లో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆ ఏడాదే ఓల్గా అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు.

అక్కడ చేసిన ప్రయోగం మన కథకు చాలా ముఖ్యం. నాడిలో వార్త ఎంత వేగంగా పోతుంది? ఆయన గురువు మ్యూలర్‌తో సహా పెద్దలంతా అది కొలవడానికి వీలుకానంత వేగమని అనుకునేవాళ్లు. హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి నాడిని తీసుకుని ఒకసారి కండరానికి దగ్గర, ఇంకోసారి దూరంగా విద్యుత్తు తగిలించి, కండరం కదలడానికి పట్టిన కాలంలో తేడా లెక్క కట్టాడు. సెకనుకు సుమారు 27 మీటర్లు అని తేలింది. అంటే గంటకు వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ. మహబూబాబాద్ స్టేషన్‌లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ బండి వేగం అంతే! మనసులో అనుకోవడానికీ, చేయి కదలడానికీ మధ్య సమయం పడుతుందంటే సొంత తండ్రికే నమ్మకం కలగలేదు. కానీ కొలత కొలతే. దానివల్ల ఒక కొత్త ప్రశ్న పుట్టింది. వార్త మెదడుకు చేరడానికి సమయం పడుతుంది సరే, ఆ సమయంలో, ఆ దారిలో ఏం జరుగుతుంది?

ఇత్తడి గోళం, పియానో తీగలు

1855లో బాన్ నగరానికి, 1858లో హైడెల్‌బర్గ్‌కు మారాడు. 1859 ఆయనకు చెడ్డ సంవత్సరం. తండ్రి పోయాడు. ఆ ఏడాది చివర్లో భార్య ఓల్గా కూడా జబ్బుతో కన్నుమూసింది. ఇద్దరు చిన్న పిల్లలు మిగిలారు. ఆ దుఃఖంలోనూ ధ్వని మీద పని ఆపలేదు. 1861లో ఆనా అనే ఆమెను రెండో పెళ్లి చేసుకున్నాడు. 1863లో స్వరాల అనుభూతి గురించి ఆయన రాసిన పెద్ద గ్రంథం వెలువడింది. విద్యార్థి దశలో వాయించిన పియానో ఊరికే పోలేదు.

ఆయన చెప్పింది సులువుగా చెప్పుకుందాం. తంబూర తీగ మీటితే మనకు ఒకే స్వరం వినిపించినట్టు ఉంటుంది. నిజానికి అందులో మూల స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపించే అతిస్వరాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీసి వినడానికి ఆయన గాజుతో, ఇత్తడితో బోలు గోళాలు చేయించాడు. ఒక వైపు గాలి లోపలికి వచ్చే రంధ్రం, రెండో వైపు చెవిలో పెట్టుకునే ముక్కు. ఒక్కో గోళం తన పరిమాణాన్ని బట్టి ఒక్కో స్వరానికి మాత్రమే బదులు పలుకుతుంది. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి పనికి పేరున్న ఊరు. అక్కడి చెంబు ఒకటి తెచ్చి మూతి చెవికి ఆనించి చూడండి, ఒక హోరు వినపడుతుంది. చిన్న చెంబుకు ఒక హోరు, పెద్ద బిందెకు ఇంకో హోరు. సూత్రం ఒకటే.

పియానో మూత తెరిచి, తీగలను ఆపే అడ్డు తీసి, లోపలికి గట్టిగా ఒక అచ్చు పలికితే, ఆ అచ్చులోని స్వరాలకు సరిపోయే తీగలు మాత్రమే కంపించి అదే ధ్వనిని తిరిగి పలుకుతాయి. మన చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తం కూడా ఇలాంటిదేనని ఆయన ఊహించాడు. అందులో ఒక్కో చోటు ఒక్కో స్వరానికి స్పందిస్తుంది, ఆ చోటి నాడీ తంతువు మెదడుకు వార్త మోస్తుంది.

అయితే చెవి ఇంత చక్కగా విడదీస్తుంటే మనకు అతిస్వరాలు విడిగా ఎందుకు వినపడవు? హెల్మ్‌హోల్ట్జ్ ఇక్కడే అసలు మాట పట్టుకున్నాడు. ఆయన చెప్పిన పద్ధతి ఇది. ముందు వినదలచుకున్న అతిస్వరాన్ని విడిగా, మెల్లగా వాయించాలి. చెవి దాన్ని పట్టుకుని ఉండగానే మూల స్వరాన్ని వాయించాలి. అప్పుడు అంతకుముందు వినపడని అతిస్వరం స్పష్టంగా వినపడుతుంది. ధ్వనిలో మార్పు లేదు, చెవిలో మార్పు లేదు. దేనికోసం వినాలో మనసుకు ముందే తెలిసింది, అంతే తేడా. స్టడీ అవర్‌లో మా పేరు మాకు వినపడిన సంగతి ఇదే కదా!

తెలియకుండా కట్టే లెక్క

కంటి మీద రాసిన మరో పెద్ద గ్రంథంలో ఆయన ఇంకాస్త ముందుకు వెళ్లాడు. దాని చివరి భాగం 1867 నాటికి పూర్తయింది. ఇంద్రియాలు మెదడుకు పంపేవి గుర్తులు మాత్రమే. ఆ గుర్తుల వెనక ఉన్న వస్తువు ఏమిటో మెదడు పాత అనుభవాన్ని బట్టి, మనకు తెలియకుండానే, ఊహించి తేల్చుకుంటుంది. ఆయన ఎక్కువగా చూపు గురించే రాసినా ఇది వినికిడికీ వర్తిస్తుంది. మన ఊళ్లో దూరం నుంచి డప్పు వినపడగానే అది పెళ్లిదో, చావుదో, పండుగదో ఆలోచించకుండానే తెలిసిపోతుంది. చెవికి చేరింది గాలిలో కదలిక మాత్రమే. మిగతాదంతా ఊళ్లో పెరిగిన మన మెదడు కలిపింది.

ఆ గ్రంథంలోని ఒక చిన్న పరీక్ష ఇప్పుడే చేసి చూడవచ్చు. ఒక కన్ను మూసి, తెరిచిన కన్నును రెప్ప మీద నుంచి వేలితో మెల్లగా కదిపితే ఎదుటి గోడ కదిలినట్టు కనిపిస్తుంది. అదే మనంతట మనం కన్ను తిప్పితే గోడ కదలదు. ఎందుకు? కన్ను తిప్పమని ఆజ్ఞ ఇచ్చింది మెదడే కాబట్టి, ఆ కదలిక తనదేనని దానికి ముందే తెలుసు. వేలితో కదిపినప్పుడు అలాంటి ఆజ్ఞ లేదు. కింది నుంచి వచ్చే వార్తను పై నుంచి వెళ్లే ఆజ్ఞతో సరిచూసుకునే పద్ధతి ఒకటి మెదడులో ఉందన్నమాట.

1871లో బెర్లిన్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యాడు. డబ్బు లేక చదవలేకపోయిన శాస్త్రానికే చివరకు గురువయ్యాడు. రేడియో తరంగాలను నిరూపించిన హెర్ట్జ్ ఆయన శిష్యుడే. 1883లో రాజు ఆయనకు ప్రభు హోదా ఇచ్చాడు. 1889లో ఒక కొడుకును, 1894 జనవరి 1న కొడుకులాంటి శిష్యుడు హెర్ట్జ్‌నూ పోగొట్టుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబర్ 8న ఆయన కన్నుమూశాడు.

ఆయన తర్వాత

మన తెలుగు నేలతో ఆయనకు ఒక సంబంధం ఉంది. విశాఖపట్నంలో పెరిగి, అక్కడే బడి చదువు చదివిన సి.వి. రామన్ తనను మలచిన పుస్తకాల్లో హెల్మ్‌హోల్ట్జ్ ధ్వని గ్రంథం ఒకటని చెప్పుకున్నాడు. కాంతి మీద పరిశోధనకు 1930లో నోబెల్ అందుకున్న రామన్ అంతకుముందు చాలా ఏళ్లు వీణ, వయొలిన్, మృదంగం ధ్వనుల మీద పనిచేశాడు. మామూలు డోలు చర్మం గజిబిజి అతిస్వరాలు ఇస్తుంటే, నల్లటి కరణి పూసిన మృదంగం తీగవాద్యంలా క్రమమైన అతిస్వరాలు ఎలా ఇస్తుందో 1920లో వివరించాడు.

హెల్మ్‌హోల్ట్జ్ చెప్పినవన్నీ నిలబడలేదు. కర్ణావర్తంలో విడివిడి తీగలు మోగవు, ధ్వని ఒక అలలా పొర మీద ప్రయాణించి స్వరాన్ని బట్టి ఒక్కో చోట ఎక్కువగా లేస్తుందని బెకెషీ చూపించాడు. దానికి 1961లో నోబెల్ వచ్చింది. ఒక్కో స్వరానికి ఒక్కో చోటు అన్న మూల ఆలోచన మాత్రం మిగిలింది.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. హెల్మ్‌హోల్ట్జ్ దృష్టిలో చెవి నాడి ఒంటిదారి బాట. వార్త చెవి నుంచి మెదడుకు పోతుంది. 1946లో రాస్ముసెన్ అనే శాస్త్రవేత్త దానికి ఎదురుదారిని వివరించాడు. మెదడు కింది భాగం నుంచి బయలుదేరి, తిరిగి కర్ణావర్తానికి వచ్చే నాడుల కట్ట అది. 1956లో గలాంబోస్ పిల్లుల్లో ఆ కట్టకు విద్యుత్తు తగిలిస్తే చెవి నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలు తగ్గిపోయాయి. అంటే మెదడు చెవికి నిదానించమని చెప్పగలదు.

ఎలా చెబుతుంది? మన ఒక్కో చెవిలో సుమారు 3,500 లోపలి రోమ కణాలు, 12,000 దాకా బయటి రోమ కణాలు ఉంటాయి. మెదడుకు వార్త మోసే తంతువుల్లో ఎక్కువ భాగం లోపలి కణాలవి. బయటి కణాలు సాగుతూ ముడుచుకుంటూ సన్నని ధ్వనులను పెద్దవి చేస్తాయి. ఎదురుదారి నాడుల్లో ఒక ముఖ్య భాగం వచ్చి చేరేది ఈ బయటి కణాల దగ్గరికే. రేడియో వాల్యూం బిళ్ల మీద మెదడు వేలు పెట్టినట్టు అన్నమాట. చెవి తానే సన్నని ధ్వని పుట్టించగలదని 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టాడు. అప్పుడే పుట్టిన బిడ్డకు వినపడుతుందో లేదో చూసే పరీక్షల్లో ఒకటి ఆ ధ్వని ఆధారంగానే చేస్తారు.

ఎదురుదారి అక్కడితో ఆగలేదు. తలకు రెండు పక్కలా, చెవులకు పైన ఉండే మెదడు పైపొర దాకా వినికిడి దారి ఎన్నో మజిలీలుగా వెళ్తుంది. పైపొర నుంచి ఆ మజిలీలకు కిందికి దిగే నాడులూ చాలా ఉన్నాయి. పైపొరకూ దాని కింది మజిలీకీ మధ్య చూస్తే, పైకి పోయే తంతువుల కన్నా కిందికి వచ్చేవే ఎక్కువ.

మన జాతికి దగ్గరి బంధువులైన కోతుల్లో దీని పని స్పష్టంగా కనిపించింది. మార్మోసెట్ అనేది బ్రెజిల్‌లో ఉండే గుప్పెడంత కోతి. రోజంతా కూతలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దాని మెదడులో వినికిడి భాగంలోని కణాలను గమనించి 2003లో ఒక సంగతి ప్రకటించారు. కోతి కూత పెట్టకముందే, సెకనులో కొన్ని పదుల వంతుల ముందే, చాలా కణాలు నెమ్మదిస్తున్నాయి. నోరు తెరవమన్న ఆజ్ఞ గొంతుకు వెళ్తుంటే, రాబోయేది నీ కూతేనన్న కబురు వినికిడి భాగానికి కూడా అందుతోందన్నమాట. 2008లో ఇంకో మెట్టు ఎక్కారు. కోతి కూతను మార్చి దాని చెవికి వినిపిస్తే, అలా నెమ్మదించిన కణాలే గట్టిగా స్పందించాయి. తాను అనుకున్న కూతకూ, చెవికి వచ్చిన కూతకూ తేడా వచ్చిందని అవి పట్టేశాయి. హెల్మ్‌హోల్ట్జ్ వేలితో కన్ను కదిపి చెప్పిన మాట, నూట నలభై ఏళ్ల తర్వాత కోతి మెదడులో చెవి విషయంలో కనిపించింది.

మనుషుల సంగతి 2012లో తేలింది. మూర్ఛ చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులకు రెండు గొంతులు కలిపి వినిపించారు. చెవికి రెండూ చేరాయి. కానీ వినికిడి పైపొరలో రోగి ఎవరి మాట మీద దృష్టి పెట్టాడో ఆ గొంతు రూపమే ప్రధానంగా కనిపించింది.

మా మిత్రుడి సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన మిత్రుడి దగ్గరికి వద్దాం. అతను ఒక తండా నుంచి వచ్చాడు. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. చిన్నప్పటి నుంచి ఎడమ చెవి కారేది. పసరు పోసేవాళ్లు, దూది పెట్టేవాళ్లు, అంతే. తరగతిలో వెనక కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. స్టడీ అవర్‌లో ఆ గోలలో పుస్తకం ముందు పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండేవాడు. మొద్దు అని పేరు పడింది. ఆ పేరుతో పిలిచి నవ్వినవాళ్లలో మేమూ ఉన్నాం. ఒక దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి వాళ్ల నాన్న ఒక్కడే వచ్చాడు.

ఇప్పుడు తెలుస్తోంది. గోలలో ఒక గొంతును పట్టుకోవడానికి మెదడుకు రెండు చెవుల నుంచీ మంచి వార్త కావాలి, ఆ భాష ముందే తెలిసి ఉండాలి. అతనికి ఒక చెవి సగం, భాష కొత్త. మేము కష్టం లేకుండా చేస్తున్న పనిని అతను రోజంతా చెమటోడ్చి చేసి అలసిపోయేవాడు. మేము దాన్ని సోమరితనం అనుకున్నాం. చీము కారే చెవి చాలామందికి మందులతోనో, అవసరమైతే ఆపరేషన్‌తోనో బాగుపడుతుందని కూడా మాకు అప్పుడు తెలియదు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇదే. మీ పక్కన పిలిస్తే పలకనివాళ్లు ఉంటే పేరు పెట్టకండి. ముందు బెంచీలో, బాగా వినపడే చెవి టీచరు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. వార్డెన్‌కు, ట్యూటర్‌కు చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లల వినికిడి లోపం గుర్తించడం కూడా భాగమే. డాక్టర్లు వచ్చినప్పుడు చెవి చూపించండి. చెవిలో పుల్లలు, పసరులు, కాగిన నూనె వద్దు. వీలైతే స్టడీ అవర్‌లో ఒక మూల మౌనంగా చదివేవాళ్లకు వదిలిపెట్టండి.

సర్కారు స్టైపెండ్ మిగిల్చి మైక్రోస్కోపు కొన్న ఆ కుర్రవాడు మనకు నేర్పింది, వినడం చెవి ఒక్కదాని పని కాదని. వినడానికి మెదడు కూడా శ్రమిస్తుంది. ఆ శ్రమ అందరికీ ఒకే మోతాదులో ఉండదు. మా మిత్రుడికి అది ఎంత ఉండేదో తెలుసుకోవడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాశాం.